మావాడు 11 మ్యాచ్‌లుగా గోల్ కొట్టలేదు. ఫోర్లాన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

సికింద్రాబాద్_నాన్న
మా పెద్దాడికి 15 ఏళ్లు. బొల్లారం వైపు ఒక చిన్న క్లబ్బులో ఫార్వర్డ్‌గా ఆడతాడు. పోయిన సీజన్లో బాగానే కొట్టాడు. ఈసారి 11 మ్యాచ్‌లయ్యాయి, ఒక్క గోల్ లేదు. రెండుసార్లు పోస్టుకు తగిలింది. ఒకసారి ఎదురుగా ఖాళీ గోల్ ఉంటే కాలు జారి పడ్డాడు. మొన్న ఆదివారం వాళ్ల కోచ్ బెంచి మీద కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి బూట్లు అటక మీద పడేసి, "ఇక ట్యూషన్‌కే పోతా" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించట్లేదు.

నాకు వెంటనే గుర్తొచ్చింది ఉరుగ్వే ఫార్వర్డ్ డియేగో ఫోర్లాన్. మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చి ఎనిమిది నెలలు గోల్ లేకుండా తిరిగిన మనిషి, 2010 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడు. ఆయన వీడియోలు వాడికి చూపిద్దామని వెతికితే ముందు వచ్చినవన్నీ "యునైటెడ్ చరిత్రలో ఫ్లాప్ కొనుగోళ్లు" బాపతు. వాడు చూసి, "ఫ్లాప్ అట కదా నాన్నా" అని లేచి వెళ్లిపోయాడు.

నాకు ఆయన ఆట 2010 నుంచే తెలుసు. అంతకుముందు, ఆ తర్వాత ఏం జరిగిందో వివరంగా తెలిసినవాళ్లు రాయండి. ఈ థ్రెడ్‌నే వాడికి చూపిస్తా.

లెక్కల_శ్రీను
చూపించేదేదో నిజమే చూపించండి. యునైటెడ్‌కి అన్ని పోటీల్లో కలిపి 98 మ్యాచ్‌లు, 17 గోల్స్. లీగ్‌లో 63 మ్యాచ్‌లు, 10 గోల్స్. దాదాపు 70 లక్షల పౌండ్లు పెట్టి తెచ్చుకున్న ఫార్వర్డ్ నుంచి అది చాలదు. ఫ్లాప్ అన్నవాళ్లది అబద్ధం కాదు.

ఓరుగల్లు_9
శ్రీనన్నా, గా 98ల సగానికి ఎక్కువ సబ్‌గ దిగినవే. ఆఖరి పది నిమిషాలకు దింపి గోల్ కొట్టుమంటే ఎట్ల? ముందల వాన్ నిస్టెల్‌రూయ్ ఉండె. ఆయనను పక్కకు పెట్టి ఫోర్లాన్‌ను ఎవరు ఆడిస్తరు?

మాంచెస్టర్_సుబ్బు
నేను 2002 సెప్టెంబరులో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చాను. వచ్చిన వారానికే ఆయన మొదటి గోల్. 27వ మ్యాచ్ అది. ఇజ్రాయెల్ జట్టు మక్కాబీ హైఫా మీద పెనాల్టీ. బెక్‌హామ్ బంతి ఆయన చేతికిచ్చేశాడు. అది లోపలికి వెళ్లగానే స్టేడియం ఎలా అరిచిందో రేడియోలో విన్నాను. అప్పటికే 4 గోల్స్ కొట్టేసి గెలిచే మ్యాచ్ అది. అయినా ఆ అరుపు కప్పు గెలిచినప్పటి అరుపు.

ఫ్లాప్ అనే మాట వీడియోలు చేసేవాళ్లది. ఇక్కడ ఓల్డ్ ట్రాఫర్డ్ చుట్టుపక్కల పాత అభిమానుల్ని అడగండి, ఎవరూ ఆ మాట అనరు. గోల్ పడని రోజుల్లో కూడా ఆయన బంతి వెనకాల పరుగు ఆపలేదు, తల దించుకుని నడవలేదు. జనం అది చూశారు. ఈరోజుకీ ఆయన పాట పాడతారు.

సికింద్రాబాద్_నాన్న
27 మ్యాచ్‌లా! నేను పది పన్నెండు అనుకున్నా. మావాడికి 11కే ఇలా ఉంది. సుబ్బు గారూ, పాట అంటే ఏమిటండీ?

మాంచెస్టర్_సుబ్బు
లివర్‌పూల్‌ని ఏడిపించినవాడు అని. 2002 డిసెంబరు 1న ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్. లివర్‌పూల్ డిఫెండర్ క్యారగర్ తలతో తన గోలీకే బంతి వెనక్కిచ్చాడు. గోలీ డూడెక్ చేతుల్లోంచి, కాళ్ల మధ్య నుంచి అది జారిపోయింది. అక్కడ ఎవరూ ఉండక్కర్లేదు. కానీ ఫోర్లాన్ ఉన్నాడు. ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. మూడు నిమిషాలకు ఇంకొకటి, ఈసారి గట్టిగా కొట్టి. 2-1తో యునైటెడ్ గెలిచింది. ఆ సీజన్ లీగ్ కూడా వాళ్లదే.

నాన్నగారూ, మీ బాబుకి ఆ మొదటి గోల్ చూపించండి. నిజానికి రెండోది అందమైనది, మొదటిది చూస్తే ఎవరైనా అదృష్టం అంటారు. నేనైతే ఆ బంతి గోలీకి వెళ్తున్నప్పుడు ఫోర్లాన్ ఎక్కడున్నాడో చూడమంటాను. తనకు అందని బంతి అని తెలిసీ పరుగెత్తుతూనే ఉన్నాడు.

గోలీ_విజయవాడ
ఆ మ్యాచ్ అంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. నేను గోలీని, డూడెక్ పక్షం. అలా ఒకసారి నా కాళ్ల మధ్య నుంచి పోయింది, బందరు రోడ్డులో నెల రోజులు తలెత్తుకుని నడవలేదు.

బాబుకి ఈ సంగతి కూడా చెప్పండి. అదే డూడెక్ 2005లో ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో షెవ్‌చెంకోని ఆపి లివర్‌పూల్‌కి కప్పు తెచ్చాడు. ఆ ఏడే ఫోర్లాన్ స్పెయిన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. ఆన్‌ఫీల్డ్‌లో ఎదురుపడ్డ ఇద్దరూ ఒకే ఏడాది లేచి నిలబడ్డారు.

ఓరుగల్లు_9
ఇది నాకు తట్టనే లేదు. మంచి ముచ్చట చెప్పినవ్ అన్నా.

లెక్కల_శ్రీను
2004-05, విలారియల్. లీగ్‌లో 25 గోల్స్. స్పెయిన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే పిచిచి బహుమతి. యూరప్ గోల్డెన్ షూ థియెరీ ఆన్రీతో కలిసి. ఆఖరి వారాల్లో బార్సిలోనా మైదానంలోనే హ్యాట్రిక్, 3-3. గోల్స్‌లో బార్సిలోనా ఫార్వర్డ్ ఎటోని దాటింది ఆ ఆఖరి వారాల్లోనే. విలారియల్ అంటే యాభై వేల జనాభా ఉన్న ఊరు. మన దగ్గరైతే మండల కేంద్రం.

నేను మొదట అన్నది వెనక్కి తీసుకోను, యునైటెడ్‌లో లెక్కలు తక్కువే. కానీ ఆ లెక్కలతో మొత్తం మనిషిని కొలిస్తే తప్పే.

అనంత_లెఫ్ట్‌బ్యాక్
మా అనంతపురంలో ఫుట్‌బాల్ నేర్చుకునే రోజుల్లో స్పెయిన్ నుంచి వచ్చేవాళ్లు మాకు క్లబ్బు టీ షర్టులు ఇచ్చేవాళ్లు. మా ఆర్డీటీ ట్రస్టుకు ఆ దేశంతో ఉన్న చుట్టరికం అలాంటిది, దాన్ని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు అక్కడివారే కదా. ఆ షర్టుల్లో నాకు దొరికింది అట్లెటికో మాడ్రిడ్ ఎరుపు తెలుపు చారలది. వెనక పేరు లేదు. నేనే స్కెచ్ పెన్నుతో ఫోర్లాన్ అని రాసుకున్నా. అమ్మ ఉతికేసరికి పోయింది, మళ్లీ రాశా.

2008-09లో ఆయన 33 లీగ్ మ్యాచ్‌ల్లో 32 గోల్స్ కొట్టాడు. మళ్లీ పిచిచి, మళ్లీ గోల్డెన్ షూ. ఆ తర్వాత ఆరేళ్లు పిచిచి మెస్సీ, రొనాల్డో చేతుల్లోంచి బయటికి రాలేదు. ఏడో ఏడు లాక్కున్నది మళ్లీ ఉరుగ్వే మనిషే, సువారెజ్.

సార్, నాది ఒక ప్రశ్న. మీ అబ్బాయి గోల్ దగ్గరే నిలబడి బంతి కోసం చూస్తున్నాడా, వెనక్కి వచ్చి అడుగుతున్నాడా?

సికింద్రాబాద్_నాన్న
నిలబడే ఉంటున్నాడమ్మా. ఇద్దరు డిఫెండర్లు అంటిపెట్టుకుని ఉంటారు. బంతి వాడి దాకా రావడమే తక్కువ. వచ్చిన ఒక్కటీ తొందరలో కొట్టి బయటికి పంపిస్తాడు.

అనంత_లెఫ్ట్‌బ్యాక్
అదే అనుకున్నా. నేను డిఫెండర్‌ని కాబట్టి చెప్తున్నా, కదలకుండా నిలబడ్డ ఫార్వర్డ్ మాకు వరం. వెనక్కి జారి బంతి తీసుకునేవాడంటే భయం. వెంట వెళ్తే వెనక ఖాళీ, వెళ్లకపోతే వాడికి తిరిగి కొట్టే టైము.

2010లో కోచ్ తబారెజ్ చేసింది అదే. ముందు సువారెజ్, పక్కన కవానీ, వాళ్ల వెనక ఫోర్లాన్. మొదటి మ్యాచ్ ఫ్రాన్స్‌తో గోల్ లేకుండా పోయింది. రెండో మ్యాచ్ నుంచి ఆయన్ని కిందికి దింపాడు. అక్కడి నుంచి ఆ టోర్నీలో ఆయన ఏ డిఫెండర్‌కీ దొరకలేదు. మీవాణ్ని ఒక మ్యాచ్ అలా ఫార్వర్డ్‌ల వెనక, నంబర్ 10 చోట ఆడించి చూడమని కోచ్‌ని అడగండి.

నెదర్లాండ్స్_కిరణ్
2010 ఎత్తారు కాబట్టి నా బాధ చెప్పుకోవాలి. ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ మా నెదర్లాండ్స్ స్నైడర్‌కి రావాల్సింది. ఆయనవీ 5 గోల్సే, జట్టును ఫైనల్‌కి తీసుకెళ్లాడు, క్వార్టర్స్‌లో బ్రెజిల్‌ని పడగొట్టాడు. అదే ఏడు తన క్లబ్బు ఇంటర్ మిలాన్‌తో మూడు కప్పులు. నాలుగో స్థానంలో నిలిచిన జట్టు ఆటగాడికి గోల్డెన్ బాల్ ఏంటి? ఐండోవెన్‌లో మా ఆఫీసులో ఇప్పటికీ ఇది ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

ఓరుగల్లు_9
కిరణన్నా, స్నైడర్ పక్కన రాబెన్ ఉన్నడు, వాన్ పెర్సీ ఉన్నడు. ఉరుగ్వే మొత్తం జనాభా మన హైదరాబాద్ల సగం గూడ ఉండది. 1970 తర్వాత సెమీస్ మొఖం జూడని జట్టు అది. కోస్టారికాతోని ప్లేఆఫ్ ఆడి, ఆఖరికి అర్హత తెచ్చుకున్నరు. ఆ జట్టును సెమీస్ దాక మోసుకపోయినోనికి ఇయ్యకపోతే ఎవలకిస్తరు?

లెక్కల_శ్రీను
ఓట్ల లెక్క: ఫోర్లాన్ 23.4 శాతం, స్నైడర్ 21.8, విల్లా 16.9. చాలా దగ్గరగా జరిగింది. కిరణ్ గారి వాదనలో పస ఉంది. కానీ ఆ ఏడు ప్రపంచ ఉత్తమ ఆటగాడి బహుమతి బాలన్ డి ఓర్‌లో స్నైడర్ నాలుగు, ఫోర్లాన్ ఐదు. అక్కడ ఇద్దరికీ అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం.

నెదర్లాండ్స్_కిరణ్
దీనికి మాత్రం ఒప్పుకుంటా. ఇంకొకటి కూడా ఒప్పుకుంటా. సెమీస్‌లో మా మీద ఆయన ఎడమ కాలితో కొట్టిన గోల్. అంత దూరం నుంచి, కుడికాలి ఆటగాడు ఎడమకాలితో. మా గోలీ స్టెకలెన్‌బర్గ్ చేతికి తగిలి కూడా ఆగలేదు. మ్యాచ్ మేం 3-2తో గెలిచాం కానీ, ఆయన్ని 84వ నిమిషంలో బయటికి పిలిచేదాకా నా గుండె కుదుటపడలేదు.

గోలీ_విజయవాడ
కుడికాలి ఆటగాడు అనకండి. ఆయనకు రెండు కాళ్లూ ఒకటే. చిన్నప్పటి నుంచి గోడకేసి ఎడమ, కుడి మార్చి మార్చి కొట్టించింది వాళ్ల నాన్న. గోలీకి ఇదే నరకం. మామూలు ఫార్వర్డ్ బంతిని తన మంచి కాలికి సర్దుకునే అర సెకనులో మేం ఒక అడుగు వేస్తాం. ఫోర్లాన్ ఆ అర సెకను ఇవ్వడు.

పైగా ఆ టోర్నీ బంతి జబులానీ. గాల్లో ఎటు తిరుగుతుందో ఎవరికీ అర్థం కాలేదు. కసియాస్ దగ్గర నుంచి జూలియో సీజర్ దాకా గోలీలందరూ తిట్టారు. ఫార్వర్డ్‌లు కూడా ఫ్రీకిక్‌లు ఆకాశంలోకి కొట్టారు. ఆ బంతిని తన మాట వినేలా చేసుకున్నది ఒక్కడే. ఘానా మీద ఫ్రీకిక్ చూడండి, కీపర్ కింగ్‌సన్ ఒకవైపు కదిలాడు, బంతి వంకర తిరిగి అతని వెనక నుంచి పోయింది.

విశాఖ_లహరి
ఘానా మ్యాచ్! మాకు రాత్రి 12కి మొదలు. హాస్టల్ కామన్ రూములో ఆరుగురం. వార్డెన్‌కి వినపడకుండా టీవీ సౌండ్ తీసేసి చూశాం. సువారెజ్ చెయ్యి పెట్టి ఆపినప్పుడు, ఘానా ఆటగాడు గ్యాన్ పెనాల్టీ బార్‌కి కొట్టినప్పుడు, ఆఖరికి ఉరుగ్వే ఆటగాడు అబ్రెయు మెల్లగా చిప్ చేసినప్పుడు నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని అరిచాం. పెనాల్టీల్లో ఉరుగ్వే తరఫున మొదట వెళ్లింది ఫోర్లానే, కొట్టాడు. అంత గోల మధ్యలో ఆ మొహం ఎంత ప్రశాంతంగా ఉందో నాకు ఇంకా గుర్తుంది.

ఓరుగల్లు_9
సౌండ్ లేకుంట జూసిన్రంటే ఆ వువుజెలా బూరల మోత నుంచి తప్పించుకున్నరు అక్కా. మా ఇంట్ల నెల రోజులు తేనెటీగల తెట్టె లేసినట్టే ఉండె.

పాతబస్తీ_తాత
నాకు 74. ఫోర్లాన్ గురించి పిల్లలు ఇంత మాట్లాడుకోవడం చూసి ముచ్చటేసింది. కానీ వాళ్ల ఇంటి కథ ఎవరూ ఎత్తలేదు.

తాత హువాన్ కార్లోస్ కొరాజో ఉరుగ్వే కోచ్, 1962 చిలీ ప్రపంచకప్‌కి జట్టును తీసుకెళ్లినవాడు. తండ్రి పాబ్లో ఫోర్లాన్ డిఫెండర్, 1966, 1974 ప్రపంచకప్‌లు ఆడాడు. ఉరుగ్వే క్లబ్బు పెన్యరోల్‌కి, బ్రెజిల్‌లో సావ్ పావ్లోకి ఆడాడు. దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ తాత కోచ్‌గా 1959లో, తండ్రి ఆటగాడిగా 1967లో, మనవడు 2011లో గెలిచారు. 2011 ఫైనల్ బ్యూనస్ ఎయిరెస్‌లో, పరాగ్వే మీద 3-0. అందులో రెండు మనవడివే. అప్పటికి దాదాపు ఏడాదిగా దేశానికి గోల్ లేదు అతనికి. నాన్నగారూ, మీ బాబుకి ఇది చెప్పండి. ప్రపంచంలో ఉత్తముడు అనిపించుకున్న తర్వాత కూడా మళ్లీ కరువు వచ్చింది. ఫైనల్ దాకా ఓపిక పట్టాడు.

మనకూ ఒక ఇల్లు ఉంది అలాంటిది. మా రహీం సాబ్, కొడుకు హకీం. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన దేశం ఫుట్‌బాల్ జట్టుకి తండ్రి కోచ్, కొడుకు జట్టులో. కొరాజో చిలీలో ఉన్న 1962లోనే మన రహీం సాబ్ జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చారు, క్యాన్సర్‌తో ఉండి. ఆయన నేర్పిన సిటీ పోలీస్ జట్టు ఆట చూడ్డానికి మా నాన్న నన్ను సైకిల్ మీద తీసుకెళ్లేవాడు. ఆ పేర్లు ఉరుగ్వేలో అయితే స్టేడియాలకు పెట్టేవాళ్లు.

సికింద్రాబాద్_నాన్న
పెద్దాయనా, నమస్కారం. బొల్లారంలో మావాడు ఆడే గ్రౌండు పక్కన ఒక ముసలాయన రోజూ కూర్చుని రహీం సాబ్ పేరు తలుస్తుంటాడు. ఈసారి మావాణ్ని ఆయన దగ్గర కూర్చోబెడతా.

కానీ ఒక అనుమానం. తాత కోచ్, తండ్రి ఆటగాడు అంటే, ఫోర్లాన్‌కి దారి ముందే వేసి ఉన్నట్టే కదా? మా ఇంట్లో ఎవరూ బంతి ముట్టినవాళ్లు లేరు. మావాడు అదే అంటాడేమో.

విశాఖ_లహరి
లేదండీ, దారి వేసి లేదు. ఆయన చిన్నప్పుడు టెన్నిస్ బాగా ఆడేవాడు, అటే వెళ్తాడనుకున్నారు. 1991లో, ఆయనకు 12 ఏళ్లప్పుడు, అక్క అలెహాండ్రాకి కారు ప్రమాదం జరిగింది. ఆమెతో ఉన్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. ఆమె వెన్ను దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమైంది. పేరున్న ఆటగాడి ఇల్లే అయినా ఆ వైద్యం ఖర్చు ఇల్లంతటినీ ఊపేసింది. తను ఫుట్‌బాలర్ అయ్యి అక్కని బాగా చూసుకోవాలని ఆ పిల్లాడు అప్పుడే అనుకున్నాడు. ఆ మాట పెద్దయ్యాక ఆయనే చెప్పాడు.

ఇది నేను ఎందుకు రాస్తున్నానంటే, మా అన్నయ్యకి 2008లో బైకు ప్రమాదం. నేను అప్పుడు ఇంటర్. నడుము కింద స్పర్శ లేదు. ఇంట్లో ఒకరు మంచం మీద ఉంటే మిగతావాళ్ల చదువు, ఆట, నిద్ర అన్నీ ఆ మంచం చుట్టూ తిరుగుతాయి. నేను హాస్టల్లో ఆ ప్రపంచకప్ చూస్తున్నప్పుడు ఫోర్లాన్ గోల్ కొట్టిన ప్రతిసారీ అన్నయ్యకి మెసేజ్ పెట్టేదాన్ని. వాడు కూడా ఇంట్లో మేలుకునే ఉండేవాడు. మా ఇద్దరికీ ఆయన ఆట అంటే ఏంటో బయటివాళ్లకి చెప్పడం కష్టం.

అలెహాండ్రా తర్వాత రోడ్డు భద్రత కోసం సంస్థ పెట్టి బడుల్లో, సభల్లో మాట్లాడింది. తమ్ముడి నీడలో ఉండిపోలేదు. మా అన్నయ్య ఇప్పుడు డీటీపీ పని చేస్తాడు, నాకంటే ఎక్కువ సంపాదిస్తాడు.

అనంత_లెఫ్ట్‌బ్యాక్
లహరి అక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. అన్నయ్యకి నా నమస్కారం చెప్పు.

పాతబస్తీ_తాత
అమ్మా, చల్లగా ఉండండి ఇద్దరూ.

భీవండి_రాజేశం
నేను ఫోర్లాన్‌ను కండ్లార చూసిన. ఎవ్వరూ ముంబై ముచ్చట ఎత్తకపాయె.

మా నాయిన సిరిసిల్ల నుంచి వచ్చి ఈడ మగ్గాల మీద పని చేసిండు, నేను గూడ గదే. 2016ల ఫోర్లాన్ ఇండియన్ సూపర్ లీగ్ల ముంబై సిటీ క్లబ్బుకు ఆడనీకి వచ్చిండు. నవంబర్ 8 రాత్రి నోట్ల రద్దు. 19 నాడు అంధేరిల కేరళ బ్లాస్టర్స్‌తోని మ్యాచ్. జేబుల ఉన్నయన్ని పాత ఐదువందల నోట్లు, సేఠ్ జీతం గూడ అవ్వే ఇచ్చిండు. టికెట్‌కు మా దోస్తు దగ్గర వంద నోట్లు బదులు తీస్కొని, భీవండి నుంచి ఠాణా బస్సుల, ఆడికెంచి లోకల్ల పోయిన.

37 ఏండ్ల మనిషి. ఉరుకుడు తక్కువనే, ఒప్పుకుంట. కని బంతి యాడికొస్తదో ముందుగాల్నే ఆడ ఉంటడు. హ్యాట్రిక్ కొట్టిండు. మ్యాచ్ 5-0. నా పక్కన కేరళ పిల్లలు పసుపు షర్టులేసుకొని కూసున్నరు, మూడో గోల్‌కు ఆళ్లు గూడ లేసి చప్పట్లు కొట్టిన్రు. పది రోజుల సంది బ్యాంకు లైన్ల నిలబడి ఎండిపోయిన పానం, ఆ ఒక్క సాయంత్రం అంత మరిచిపోయిన.

లెక్కల_శ్రీను
ఆ సీజన్లో ఆయనవి 5 గోల్స్. ముంబై పట్టికలో అగ్రస్థానం. కానీ సెమీస్ మొదటి మ్యాచ్‌లో కోల్‌కతా మీద రెండో ఎల్లో కార్డు పడి బయటికి వెళ్లాడు, రెండో మ్యాచ్‌కి లేడు, అందులో ముంబై గోల్ కొట్టలేక రెండు మ్యాచ్‌ల లెక్క కలిపి ఓడింది. పెద్ద ఆటగాడు అక్కడ నిగ్రహం తప్పాడు. ఇంటర్ మిలాన్‌లో కూడా లీగ్‌లో రెండే గోల్స్. పైగా అట్లెటికో తరఫున యూరోపా అర్హత మ్యాచ్ ఆడి ఉండటంతో ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశ ఆడే వీల్లేకుండా పోయింది. 2014లో జపాన్ క్లబ్బు సెరెజో ఒసాకాకి వెళ్తే ఆ జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. 2011 తర్వాతది మంచి కెరీర్ కాదు, కాలక్షేపం.

భీవండి_రాజేశం
సెమీస్ ముచ్చట నిజమే అన్నా. ఆనాడు మస్తు కోపమచ్చింది. కాని కాలక్షేపం అనకు. అంధేరిల నేను జూసింది కాలక్షేపం కాదు.

మాంచెస్టర్_సుబ్బు
శ్రీను గారూ, 2015లో పెన్యరోల్ మర్చిపోయారు. నాన్న ఆడిన క్లబ్బు, తను చిన్నప్పుడు పెరిగిన క్లబ్బు, కానీ పెద్దల జట్టుకి ఎప్పుడూ ఆడలేదు, కుర్రతనంలోనే అర్జెంటీనాలో ఇండిపెండియంటేకి వెళ్లిపోయాడు. 36 ఏళ్లకి తిరిగొచ్చి లీగ్ గెలిపించాడు. 2013లో కాన్ఫెడరేషన్స్ కప్‌లో నైజీరియా మీద తన 100వ మ్యాచ్‌లో గెలిపించే గోల్ కొట్టాడు. ఉరుగ్వేకి వంద మ్యాచ్‌లాడిన మొదటి మనిషి. మొత్తం 112 మ్యాచ్‌లు, 36 గోల్స్.

అట్లెటికో తరఫున యూరోపా లీగ్ 2010 కూడా ఎవరూ రాయలేదు. సెమీస్‌లో మళ్లీ ఆన్‌ఫీల్డ్, ఎక్స్‌ట్రా టైములో గోల్ కొట్టి లివర్‌పూల్‌ని ఇంటికి పంపాడు. ఎనిమిదేళ్ల తర్వాత అదే మైదానం! ఫైనల్ హాంబర్గ్‌లో, ఫుల్‌హామ్ మీద 2-1, రెండూ ఆయనవే, రెండోది 116వ నిమిషంలో. ఆ రాత్రి మాంచెస్టర్ పబ్బుల్లో పాత పాట మళ్లీ మోగింది. మమ్మల్ని వదిలి ఆరేళ్లయినా మావాడే అనుకున్నారు.

సికింద్రాబాద్_నాన్న
సుబ్బు గారూ, అంత ఇష్టపడితే మరి ఎందుకు అమ్మేశారు?

మాంచెస్టర్_సుబ్బు
2004లో రూనీ వస్తున్నాడు, చోటు లేదు. అది పెద్ద కారణం. కానీ ఫోర్లానే చెప్పిన కథ ఒకటుంది. తడి మైదానానికి పొడుగు స్టడ్స్ (అడుగున ఉండే ముళ్లు) ఉన్న బూట్లు వేసుకోమని యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ చెప్పాడు. సరే అన్నాడు కానీ తనకు అలవాటైన పొట్టివే వేసుకుని చెల్సీ మీద దిగాడు. గోల్ ముందు బంతి దొరికింది, కాలు జారింది. మ్యాచ్ అవ్వగానే పరుగున వెళ్లి బూట్లు మార్చేద్దామనుకున్నాడు. ఫెర్గూసన్ ముందే పట్టేసుకుని ఆ బూట్లు విసిరికొట్టాడట. ఆ తర్వాత ఎక్కువ రోజులు లేడు అక్కడ.

గోలీ_విజయవాడ
నాన్నగారూ, మీవాడు కూడా ఖాళీ గోల్ ముందు జారాడన్నారు కదా. ఏ స్టడ్స్?

సికింద్రాబాద్_నాన్న
నాకు ఆ సంగతే తెలియదండీ. బూట్లంటే బూట్లే అనుకున్నా. అటక మీంచి తీసి చూశా, అరిగిపోయి చదునుగా ఉన్నాయి. వాడి పాదం కూడా పెరిగింది, వేలు పెట్టి చూస్తే చోటే లేదు. 11 మ్యాచ్‌లు వాడు ఇవే వేసుకుని ఆడాడు, అడిగితే డబ్బులు దండగని ఒక్క మాట అనలేదు. నాకు ఇప్పుడు ఏడుపొస్తోంది.

ఓరుగల్లు_9
అన్నా, బాధపడకు. రేపే పోయి కొనియ్యి. సుల్తాన్ బజార్ పక్కన బొగ్గులకుంట రోడ్ల స్పోర్ట్స్ దుకాణాలు మస్తున్నయ్. నంబర్ సరిగ్గ చూడు, పెరుగుతడని పెద్ద సైజు మాత్రం తీస్కోకు, బంతి మీద పట్టు పోతది.

అనంత_లెఫ్ట్‌బ్యాక్
సార్, ఇంకొక్కటి. బూట్లు కొనిచ్చి ఊరుకోకండి. ఎడమకాలు. రోజూ గోడకేసి యాభై. ఫోర్లాన్ వాళ్ల నాన్న చేయించిందే. దీనికి కోచ్ అక్కర్లేదు, గోడ చాలు.

విశాఖ_లహరి
ఆయన మళ్లీ టెన్నిస్‌కి వచ్చాడు తెలుసా? 2019లో ఫుట్‌బాల్ ఆపాడు. కోచ్‌గా పెన్యరోల్‌లో కొన్ని నెలలే, అది సాగలేదు. 2024 నవంబరులో, 45 ఏళ్లకి, మాంటెవిడియోలో ఉరుగ్వే ఓపెన్‌లో డబుల్స్ ఆడాడు, అర్జెంటీనా ఆటగాడు ఫెడెరికో కోరియాతో కలిసి. 6-1, 6-2తో ఓడిపోయారు. సొంత ఊరి జనం నిలబడి చప్పట్లు కొట్టారు. చిన్నప్పుడు పక్కన పెట్టిన రాకెట్ అది.

అనంత_లెఫ్ట్‌బ్యాక్
మా ఊళ్లో నాదల్ టెన్నిస్ స్కూలు ఉంది, మా ఫుట్‌బాల్ గ్రౌండుకి దగ్గరే. ఈసారి వెళ్తే ఆ పిల్లలకి ఈ కథ చెప్తా.

నెదర్లాండ్స్_కిరణ్
బాబుకి జర్మనీ మీద వాలీ చూపించారా? మూడో స్థానం మ్యాచ్. కుడి పక్క నుంచి అరెవాలో రియోస్ క్రాస్, ఫోర్లాన్ గాల్లో పక్కకి వాలి బంతిని నేలకేసి కొట్టాడు, అది గుద్దుకుని లేచి లోపలికి. గోలీ బుట్ కదల్లేదు. టోర్నీ మొత్తానికి అదే ఉత్తమ గోల్‌గా ఎన్నికైంది. ఆఖరి క్షణంలో ఫ్రీకిక్ బార్‌కి తగిలింది కూడా ఆ మ్యాచ్‌లోనే. 3-2తో ఓడారు. అది లోపలికి వెళ్లుంటే 6 గోల్స్, గోల్డెన్ షూ కూడా వచ్చేది.

స్నైడర్ విషయం మాత్రం నేను మార్చుకోలేదు.

సికింద్రాబాద్_నాన్న
చూపించా. రాత్రి పక్కన కూర్చుని ఈ థ్రెడ్ మొత్తం చదివాడు. లహరి గారి పోస్టు దగ్గర చాలాసేపు ఆగాడు. వాలీ పదిసార్లు పెట్టి చూశాడు. బార్‌కి తగిలిన ఫ్రీకిక్ కూడా చూసి, "ఆయనకు కూడా తగుల్తుందా" అన్నాడు. పొద్దున్నే ట్యాంకు గోడ మీద బంతి చప్పుడు వినపడింది. పక్కింటివాళ్లు ఆదివారం నిద్ర పాడైందని వచ్చారు, నేనే బతిమాలుకున్నా.

కోచ్ గారితో మాట్లాడా, మంచి మనిషే, శనివారం కాస్త వెనక ఆడించి చూస్తానన్నారు. బూట్లు కొన్నా. షాపులో రెండు రకాలు అంటగట్టారు, పొట్టి స్టడ్స్, పొడుగు స్టడ్స్. శుక్రవారం నుంచి వాన అంటున్నారు. మావాడు పొట్టివే బాగున్నాయంటున్నాడు. ఏవి వేయించమంటారు?

మాంచెస్టర్_సుబ్బు
పొడుగువి!

గోలీ_విజయవాడ
పొడుగువే. గేటు దాటేముందు కాళ్లకేసి ఒకసారి చూడండి.